ఎర్రజుట్టు పాదిరి కాగితాలు

వివాల్డి సంగీతాన్ని నేను మొదటిసారి విన్నది టెలిఫోనులో. చాలా ఏళ్ళ కిందటి మాట. ఏదో బిల్లులో దొర్లిన పొరపాటును సరిచేయించుకుందామని ఒక కార్యాలయానికి ఫోను చేస్తే, దయచేసి వేచి ఉండమని చెప్పి ఒక గొంతు తప్పుకుంది. వెంటనే వయొలిన్లు మొదలయ్యాయి. గట్టిగా పది క్షణాల ముక్క. అది అయిపోగానే మళ్ళీ మొదటినుంచి అదే. అరగంటసేపు ఆ ముక్కే విన్నాను. బిల్లు సంగతి ఆ రోజు తేలలేదు గాని, ఆ స్వరాలు మాత్రం చెవిలో తిష్ఠ వేసుకున్నాయి. దాని పేరు ‘వసంతం’ అనీ, ‘నాలుగు ఋతువులు’ అన్న కృతులలో అది మొదటిదనీ, రాసినవాడు వెనిస్ నగరానికి చెందిన ఆంటోనియో వివాల్డి అనీ తెలియడానికి మరో రెండేళ్ళు పట్టింది.

లిఫ్టుల్లో, హోటళ్ళలో, ప్రకటనల్లో, చేతిఫోన్లలో ఇంతగా అరిగిపోయిన పాశ్చాత్య సంగీతం మరొకటి ఉండదేమో. అటువంటి మనిషి చనిపోయిన తరువాత దాదాపు రెండు శతాబ్దాలపాటు లోకం జ్ఞాపకంలోంచి తొలగిపోయాడని చదివినప్పుడు నాకు నమ్మశక్యం కాలేదు. ఎలా పోయాడు, ఎలా తిరిగి వచ్చాడు అని వెదుక్కుంటూ పోతే, ఆ కథ చివరికి నన్ను తీసుకెళ్ళి నేను చేసిన ఒక తప్పు ముందు నిలబెట్టింది. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు ఆయన కథ.

వివాల్డి 1678 మార్చి 4న పుట్టాడు. పుట్టిన బిడ్డ బతుకుతాడో లేదోనన్న భయంతో మంత్రసాని ఇంట్లోనే హడావుడిగా జ్ఞానస్నానం ఇచ్చిందని చర్చి దస్తావేజులో ఉంది. తండ్రి జొవాన్ని బత్తిస్తా మొదట క్షురకుడు. తరువాత వయొలిన్ విద్వాంసుడై 1685లో సెయింట్ మార్క్ చర్చి వాద్యబృందంలో చేరాడు. కొడుకుకు వయొలిన్ అబ్బింది తండ్రి దగ్గరే. తండ్రి ఎర్రజుట్టు కూడా కొడుక్కి వచ్చింది. 1703లో ఆంటోనియో మతగురువుగా దీక్ష తీసుకున్నాక ఊరంతా ఆయనను ‘ఎర్రజుట్టు పాదిరి’ అనే పిలిచింది. పూజ చేయడం మాత్రం కొద్దికాలంలోనే మానేశాడు. పుట్టినప్పటినుంచీ ఛాతీ బిగుసుకుపోయే జబ్బు ఉందని, దానివల్ల పూజ మధ్యలోనే పీఠం దిగి రావలసి వచ్చేదని చాలా ఏళ్ళ తరువాత ఒక ఉత్తరంలో తానే రాసుకున్నాడు. అది ఉబ్బసమై ఉండవచ్చునని చాలామంది అంటారు. పూజకు చాలని ఊపిరి వందల కొద్దీ కృతులకూ, ఊరూరా తిరిగి ఒపెరాలు ఆడించడానికీ ఎలా చాలిందన్న ప్రశ్న ఆనాటివాళ్ళకూ వచ్చే ఉంటుంది.

దీక్ష తీసుకున్న ఏడాదే ఆయనకు పియెతా అనే ఆశ్రయంలో వయొలిన్ గురువు ఉద్యోగం దొరికింది. ఈ పియెతా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1346లో మొదలైన అనాథ శిశువుల ఆశ్రయం అది. పెంచే దారి లేని తల్లులు పసికందులను అక్కడ వదిలిపెట్టి వెళ్ళేవారు. కొందరు బిడ్డతోపాటు ఒక గుర్తును కూడా పెట్టేవారు. సగానికి కోసిన పతకమో, రెండుగా చింపిన బొమ్మలో ఒక ముక్కో. మిగిలిన సగం తల్లి దగ్గర ఉండేది. ఎప్పటికైనా రోజులు బాగుపడితే రెండు ముక్కలూ జతచేసి, నా బిడ్డ ఇదేనని చూపి తీసుకువెళ్ళవచ్చునన్న ఆశ. ఆ ముక్కల్లో కొన్ని వెనిస్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. అంటే వాటి కోసం ఎవరూ రాలేదన్నమాట.

మగపిల్లలకు ఏదో ఒక చేతిపని నేర్పి బయటికి పంపేసేవారు. ఆడపిల్లలు అక్కడే పెరిగేవారు. వారిలో స్వరజ్ఞానం ఉన్నవారిని ఏరి పాటా, వాద్యమూ నేర్పేవారు. వాళ్ళ కచేరీలు వినడానికి ఐరోపా నలుమూలలనుంచీ జనం వచ్చేవారు. అయితే ఆ అమ్మాయిలు పైనున్న గ్యాలరీలో, ఇనుప జాలీ వెనక ఉండి పాడేవారు. కింద కూర్చున్నవారికి నాదం వినిపించేది, ముఖం కనిపించేది కాదు. తల్లిదండ్రులెవరో తెలియదు గనుక వారికి ఇంటిపేర్లు లేవు. వాద్యమో, శారీరమో వారి ఇంటిపేరయ్యేది. వయొలిన్ వాయించే ఆన్నా మారియాను ‘ఆన్నా మారియా దాల్ వియొలీన్’ అనేవారు. అంటే వయొలిన్ వారి ఆన్నా మారియా. మంద్రస్థాయిలో పాడే ఆన్నా ‘దాల్ బాస్సో’ అయింది. ఆన్నా మారియా పసికందుగా అక్కడికి వచ్చి, జీవితమంతా అక్కడే గడిపి, 1782లో కన్నుమూసింది. ఆమె వేళ్ళ కోసమే వివాల్డి ఎన్నో కృతులు రాశాడు. అవి ఇవాళ వాయించే విద్వాంసులకు కూడా చెమటలు పట్టిస్తాయంటే, మూడు వందల ఏళ్ళ కిందట జాలీ వెనక నిలబడి వాయించిన ఆ అమ్మాయి విద్వత్తు ఎంతటిదో ఊహించుకోవలసిందే.

ఆ ఆశ్రయంతో వివాల్డి సంబంధం ఎప్పుడూ నిలకడగా లేదు. పాలకమండలి ఆయన కొలువు గురించి ఏటేటా ఓటు వేసేది. 1709లో తీసేశారు, 1711లో మళ్ళీ రమ్మన్నారు. 1723లో నెలకు రెండు కృతుల లెక్కన కొనుక్కోవడానికి ఒప్పందం చేసుకున్నారు. కూరగాయలు తూచి కొన్నట్టు సంగీతం కొన్నారే అని నాకు మొదట చివుక్కుమంది. తరువాత అనిపించింది, ఆ లెక్క లేకపోతే అన్ని కృతులు పుట్టేవా అని. ఆయన రాసిన కాన్సెర్టోలు 500 దాకా ఉన్నాయి. అందులో సగానికి కొంచెం తక్కువ వయొలిన్ కోసం రాసినవి.

కాన్సెర్టో అంటే మరేమీ కాదు. ఒక వాద్యం ముందుండి నడుస్తుంటే మిగిలిన బృందం దానితో సంవాదం చేయడం. వివాల్డి దీనికి ఒక స్థిరమైన కట్టడి ఏర్పరిచాడు. బృందమంతా కలిసి వాయించే భాగం మన పల్లవిలాగ మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంది. మధ్యమధ్య ప్రధాన వాద్యం ఒంటరిగా విహరించి వస్తుంది. పల్లవి తిరిగి వచ్చిన ప్రతిసారీ శ్రుతిస్థానం మారుతుంది, చివరికి బయలుదేరిన చోటికే చేరుతుంది. 1711లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన పన్నెండు కాన్సెర్టోల సంపుటం జర్మనీ దాకా పాకింది. అక్కడ యోహాన్ సెబాస్టియన్ బాఖ్ అనే యువకుడు వాటిలో కొన్నింటిని కీబోర్డు వాద్యాలకు తిరగరాసుకుంటూ ఆ కట్టడి నేర్చుకున్నాడు. నాలుగు వయొలిన్ల కృతి ఒకటి ఆయన చేతిలో నాలుగు హార్ప్సికార్డుల కృతి అయింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత అవసరమవుతుంది.

‘నాలుగు ఋతువులు’ 1725లో అచ్చయింది. దానితోపాటు ఒక్కొక్క ఋతువుకు ఒక్కొక్క పద్యం ఉంది. పద్యంలోని ఏ మాట దగ్గర ఏ స్వరం వస్తుందో కూడా రాసిపెట్టాడు. టెలిఫోనులో వినిపించే పది క్షణాల తరువాత ఏముందో చాలామంది వినరు. ‘వసంతం’ రెండవ భాగం విని చూడండి. మేకల కాపరి పచ్చికలో నిద్రపోతుంటాడు. ప్రధాన వయొలిన్ అతని నిద్ర. మిగతా వయొలిన్లు ఆకుల గలగల. వయోలా అనే కొంచెం లావుపాటి గొంతు వాద్యం మాత్రం రెండేసి స్వరాలు విడవకుండా మొరటుగా వాయిస్తూ ఉంటుంది. అది పక్కన మొరిగే కుక్క! అలాగే ‘శిశిరం’ నడిమి భాగంలో బయట వాన చినుకులు తీగలను మీటుతూ పడుతుంటే, లోపల చలిమంట దగ్గర ఒక మనిషి సుఖంగా కూర్చుని ఉంటాడు. రెండు నిమిషాలు కూడా పట్టని ఆ భాగం మొదటిసారి పూర్తిగా విన్న రాత్రి, ఫోనులో విసుక్కుంటూ విన్నది ఈ మనిషినేనా అని సిగ్గుపడ్డాను.

ఇంత చేసినవాడికి చివరి రోజులు బాగా నడవలేదు. వెనిస్ ఎప్పుడూ కొత్తదనం కోరే ఊరు. నేపుల్స్‌నుంచి వచ్చిన కొత్త బాణీలు ఒపెరా రంగాన్ని ఆక్రమించాయి. 1739లో ఆ ఊరికి వచ్చిన ద బ్రోస్ అనే ఫ్రెంచి యాత్రికుడు, ఈ విద్వాంసుడికి సొంత ఊరిలోనే తగిన గౌరవం లేదని ఆశ్చర్యపోతూ రాశాడు. నకలు రాసేవాడికన్నా వేగంగా తాను కృతి రాయగలనని వివాల్డి ఆయనతో గొప్పలు పోయాడట! 1740లో, అరవై రెండేళ్ళ వయసులో, వివాల్డి వెనిస్ విడిచి వియన్నా దారి పట్టాడు. అక్కడి చక్రవర్తి ఆరవ చార్లెస్‌కు ఆయన సంగీతమంటే ప్రీతి. కాని ఆ అక్టోబరులోనే చక్రవర్తి పోయాడు. సంతాపంతో నాటకశాలలు మూతపడ్డాయి. 1741 జూన్ చివర తన కృతులు కొన్ని ఒక ప్రభువుకు అమ్ముకున్నట్టు రసీదు ఉంది. సరిగ్గా నెల తిరిగేసరికి, జూలై 28న, ఆయనను అక్కడి ఆస్పత్రి శ్మశానంలో పాతిపెట్టారు. ఆ శ్మశానం ఇప్పుడు లేదు. ఆ స్థలంలో సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. వెనిస్‌లో యాత్రికులు ‘వివాల్డి చర్చి’ అని చూసే పియెతా చర్చి కట్టడం మొదలైంది 1745లో. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు.

ఆ తరువాత నిశ్శబ్దం. అచ్చయిన పుస్తకాలు కొన్ని గ్రంథాలయాల్లో దుమ్ము పట్టాయి. పందొమ్మిదో శతాబ్దంలో బాఖ్ కృతులను పండితులు తవ్వి తీస్తున్నప్పుడు, ఈయన తిరగరాసుకున్న ఆ ఇటలీవాడెవడని ఒక ప్రశ్న పుట్టింది. అలా వివాల్డి బాఖ్ జీవితచరిత్రలో ఒక అధోజ్ఞాపికగా మాత్రం మిగిలాడు.

మరి ఆయన సొంత కాగితాలు? అవి బతికే ఉన్నాయి. ఆయన పోయిన కొద్ది ఏళ్ళకే వెనిస్ పెద్దమనిషి జాకొపొ సొరాంజో గ్రంథాలయానికి చేరాయి. కొంతకాలానికి జెనోవా నగరానికి చెందిన కౌంట్ జాకొమో దురాట్జో వాటిని సంపాదించాడు. ఆ వంశంలో తరతరాలుగా దిగుతూ వచ్చి 1893లో అన్నదమ్ముల మధ్య రెండు వాటాలయ్యాయి. ఒక వాటా పీడ్‌మాంట్ ప్రాంతంలో బోర్గో సాన్ మార్తీనో అనే చిన్న ఊరిలోని సలేసియన్ మఠానికి దానంగా వెళ్ళింది. 1926లో మఠం మరమ్మతులకు డబ్బు అవసరపడి, ఈ పాత పుస్తకాలు ఏపాటి ధర పలుకుతాయో చూడమని అక్కడి పెద్ద ట్యూరిన్ జాతీయ గ్రంథాలయాన్ని అడిగాడు. గ్రంథాలయాధికారి లుయీజి తొర్రి ఆ పని సంగీత చరిత్ర ఆచార్యుడు అల్బెర్తో జెంతీలీకి అప్పగించాడు. పెట్టెల్లో 97 సంపుటాలు వచ్చాయి. వాటిలో 14 వివాల్డివి.

గ్రంథాలయం దగ్గర డబ్బు లేదు. ప్రభుత్వానికి చెబితే అవి మరో ఊరికి తరలిపోతాయేమోనన్న భయం. జెంతీలీ తనకు తెలిసిన రొబెర్తో ఫోవా అనే స్టాక్ బ్రోకరును అడిగాడు. ఫోవాకు సంగీతంతో పెద్ద సంబంధం లేదు. కాని ఆయన అంతకు కొంతకాలం ముందే మావురో అనే పసిబిడ్డను పోగొట్టుకున్నాడు. బిడ్డ పేరు మీద ఆ సంపుటాలన్నీ కొని 1927లో గ్రంథాలయానికి ఇచ్చాడు.

కథ అక్కడితో అయిపోలేదు. సంపుటాల మీది అంకెలు వరసగా లేవని జెంతీలీ గమనించాడు. రెండవ వాటా ఎక్కడో ఉండాలి. వెదికితే జెనోవాలో దురాట్జోల చివరి వారసుడి దగ్గర దొరికింది. ఆ ముసలాయనను ఒప్పించడానికి మూడేళ్ళు పట్టింది. ఈసారి కొనడానికి ముందుకు వచ్చినవాడు ఫిలిప్పో జొర్దానో అనే బట్టల మిల్లు యజమాని. ఏ లెక్కకూ అందని సంగతి ఇది: ఆయన కూడా ఆ మధ్యనే కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ బిడ్డ పేరు రెంజో. 1930లో రెండు వాటాలూ ఒక్క కప్పు కిందికి చేరాయి. వివాల్డివి మొత్తం 27 సంపుటాలు, 450 దాకా కృతులు, ఎక్కువ భాగం స్వహస్తంతో రాసినవే. అందులో అప్పటిదాకా ఎవరూ ఎరుగని ఒపెరాలున్నాయి, ‘గ్లోరియా’ వంటి ప్రార్థనాకృతులున్నాయి. పియెతాలో విడిచిపెట్టిన రెండు పతకం ముక్కలు కలిసినట్టుగా కలిశాయి.

ఇవాళ ఏ పండితుడైనా ఆ రాతప్రతిని ఉదహరించాలంటే ‘ఫోవా’ అనో ‘జొర్దానో’ అనో రాసి సంపుటం అంకె వేయాలి. ఒక్క స్వరం కూడా పాడకుండా పోయిన ఇద్దరు పసివాళ్ళ ఇంటిపేర్లవి.

జెంతీలీకి మాత్రం న్యాయం జరగలేదు. ఆయన యూదుడు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం తెచ్చిన జాతి చట్టాల వల్ల విశ్వవిద్యాలయంలో ఉద్యోగం పోయింది. ఆ మరుసటి ఏడాది, 1939 సెప్టెంబరులో, ఆల్ఫ్రేదో కసెల్లా అనే స్వరకర్త పూనికతో సియేనా నగరంలో వివాల్డి వారోత్సవం జరిగింది. ఆ కాగితాల్లోంచి లేచి వచ్చిన ‘గ్లోరియా’ను జనం విన్నారు. వెదికి తీసిన మనిషికి ఆ వేదిక మీద చోటు లేదు. అదే నెలలో ఐరోపాలో యుద్ధం మొదలైంది. అంతా ముగిశాక, 1947లో ఇటలీలో వివాల్డి పేర ఒక సంస్థ ఏర్పడి ఆయన కృతులను అచ్చువేయడం మొదలుపెట్టింది. ఆ ఏడాదే లూయీ కౌఫ్మన్ అనే అమెరికన్ విద్వాంసుడు ‘నాలుగు ఋతువులు’ రికార్డు చేశాడు. తరువాతి సంగతి మీకూ, నాకూ, టెలిఫోను కంపెనీలకూ తెలిసిందే.

ఇక నా సంగతి.

మా అమ్మమ్మ దగ్గర ఒక పాటల పుస్తకం ఉండేది. నిజానికది తాతయ్య పద్దుల పుస్తకం. నల్లని కాలికో అట్ట, పొడుగాటి కాగితాలు. ముందు పదిహేను ఇరవై పేజీలు ధాన్యం లెక్కలూ, కూలీల లెక్కలూ రాసి ఆయన వదిలేస్తే, మిగిలిన కాగితాల్లో ఆమె పాటలు రాసుకుంది. పెళ్ళిపాటలు, అప్పగింతల పాటలు, లాలిపాటలు, మేలుకొలుపులు, మంగళహారతులు. ప్రతి పాట పైన అది ఎవరి దగ్గర నేర్చుకున్నదో గుర్తు ఉండేది. ‘పెద్దవదిన పాట’, ‘నూతి పక్కింటి పిన్నిగారి పాట’, ‘తుని అత్తయ్య పాట’. వాళ్ళ అసలు పేర్లేమిటో మాకు తెలియదు. అమ్మమ్మ సభలో ఏనాడూ పాడలేదు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ మధ్య, లేదా వంటింట్లో పొయ్యి ముందు. మాకు గొంతు వినిపించేది గాని, తలుపు వారనుంచి మనిషి కనిపించేది కాదు.

అమ్మమ్మ పోయిన తరువాత, 1999 వేసవిలో ఆ ఇల్లు అమ్మేశాం. సామాన్లు ఖాళీ చేయించే పని నాకు పడింది. అటకమీది కాగితాలు రెండు గోనెసంచులయ్యాయి. పాత కాగితాలు కొనే అతను తక్కెడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నల్ల అట్ట పుస్తకం నా చేతికి వచ్చింది. తెరిచాను. మొదటి పేజీలో ధాన్యం లెక్కలు. మూసి సంచిలో పడేశాను. ఇంకొక ఇరవై పేజీలు తిప్పడానికి నాకు తీరిక లేకపోయింది.

కొన్ని నెలల తరువాత అమ్మ అడిగింది, “అమ్మ పాటల పుస్తకం నీ దగ్గరే ఉంది కదరా?” అని. ఆ నల్ల అట్ట ఒక్కసారి కళ్ళముందు మెరిసింది. “ఎక్కడో సర్దాను, వెదికి ఇస్తానమ్మా” అన్నాను. ఆ అబద్ధం ఎనిమిదేళ్ళు నడిచింది. అమ్మ ఏటా ఒకసారి అడిగేది, నేను ఏటా ఒకసారి వెదుకుతానని చెప్పేవాణ్ణి.

వివాల్డి కాగితాల కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరుగున పడినదల్లా విలువ లేనిదై పడిపోదని ఆ కథ చెబుతోంది. పెట్టె తెరిచినవాడు ఎన్ని పేజీలు తిప్పాడన్నదే తేడా. సంపుటాల అంకెలు వరసగా లేవని గమనించిన జెంతీలీ ఒకవైపు, మొదటి పేజీ చూసి మూసేసిన నేను మరొకవైపు. కన్నబిడ్డలు పోయిన దుఃఖంలో కూడా ఎవరివో కాగితాలు కొని దాచిన ఇద్దరు తండ్రులు ఒకవైపు, సొంత అమ్మమ్మ చేతిరాతను తూకానికి వేసిన మనవడు మరొకవైపు.

తరువాతి సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు అమ్మకు నిజం చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. చేటలో బియ్యం అలాగే పెట్టుకుని కూర్చుంది. తరువాత, “పైన చూస్తే పద్దుల పుస్తకమే కదరా, ఎవరైనా అలాగే అనుకుంటారు” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం తానే ఒక పాట ఎత్తుకుంది. తుని అత్తయ్య పాటట. రెండు చరణాలు వచ్చాయి. మూడోది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని, వేళ్ళమీద తాళం వేసుకుంటూ మళ్ళీ మొదటినుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. మర్నాడు బజారుకు వెళ్ళి పొడుగాటి నోటుపుస్తకం ఒకటి కొన్నాను. అప్పటినుంచీ వెళ్ళినప్పుడల్లా రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. నాలుగింటికి చివరి చరణాలు లేవు. వాటికి చోటు ఖాళీగా వదిలాను, ఏ బంధువుల పెళ్ళిలోనో ఏ ముసలమ్మకో గుర్తుండకపోతుందా అని. ప్రతి పాట పైనా అమ్మమ్మ రాసినట్టే ఎవరి పాటో రాస్తున్నాను.

మీ అటకమీద కూడా పాత పద్దుల పుస్తకాలుంటే, అమ్మేముందు నాలుగు పేజీలు ఎక్కువ తిప్పి చూడండి. నా పుస్తకంలో మాత్రం ఈసారి మొదటి పేజీలోనే పాట మొదలుపెట్టాను.